వంటయింటి యంత్రములు: పూచీ యెవరిది?

రోటికి పూచీపత్రము లేదు. తిరగలికి లేదు. సన్నికంటికి లేదు. అత్తగారి రోలు కోడలికి, కోడలి రోలు మనుమరాలికి సంక్రమించునే కాని, "ఇది రెండేండ్లు పనిచేయును, ఆపైన మా బాధ్యత లేదు" అని చెప్పి అమ్మినవాడు ఏ కాలమునను లేడు. రాయి అరిగి నునుపెక్కినచో కక్కు కొట్టువాడు వీధిలో కేకవేసికొనుచు వచ్చెడివాడు. ఇత్తడి గిన్నెలకు కళాయి పోయినచో కళాయివాడు అరుగు ప్రక్కనే కొలిమి పెట్టెడివాడు. వస్తువు చెడుట, దానిని బాగుచేయుట, రెండును ఇంటివారి కన్నుల యెదుటనే జరిగెడివి. ఎందువలన చెడినదో అందరికిని తెలిసియుండెడిది. వాదమునకు తావు లేకుండెడిది.

నేటి వంటయిల్లు వేరు. మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జి, ప్రెషరు కుక్కరు, ఇండక్షను పొయ్యి, నీటిని శుద్ధిచేయు యంత్రము, పొగను పీల్చు చిమ్నీ ఇవి పట్టణములలోనే కాక పల్లెలలోను సామాన్య గృహోపకరణములైనవి. ఆడవారి రెక్కల కష్టమును ఇవి తగ్గించినవనుటలో సందేహము లేదు. తెల్లవారుజామున లేచి గంటసేపు పిండి రుబ్బిన తరమువారికి ఈ యంత్రముల విలువ చెప్పనక్కరలేదు. కాని యంత్రముతోపాటు మరియొక వస్తువుకూడ ఇంటిలోనికి వచ్చినది. అది పెట్టె అడుగున, ప్లాస్టిక్కు సంచిలో, చీమలబారులవంటి అక్షరములతో అచ్చువేసిన వారంటీ కార్డు. యంత్రము నడుచునంతకాలము దానిని ఎవరును చదువరు. యంత్రము ఆగిననాడు చదువుదురు. చదివిన పిమ్మట పలువురికి తెలియునదేమనగా, ఏ కారణమున యంత్రము ఆగినదని చెప్పబడినదో సరిగా ఆ కారణమునకే ఆ పూచీ వర్తింపదని.

ఇది ఒక్క సంస్థ దోషమనియో, ఒక్క దుకాణదారుని దుర్మార్గమనియో త్రోసివేయదగిన విషయము కాదు. వ్యవస్థయే ఇట్లు నిర్మితమైయున్నది. ఆ నిర్మాణమును విప్పి చూచినగాని దోషమెక్కడ నున్నదో తెలియదు.

చెడిన యంత్రమునుండి పుట్టిన యంత్రము

విశేషమేమనగా, నేడు మనము మిక్సీ అని పిలుచుకొనుచున్న యంత్రము పుట్టుకయే చెడిపోయిన ఒక యంత్రముతో ప్రారంభమైనది. 1960 ప్రాంతమున బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ అను ఇంజనీరుండెను. ఆయన భార్య మాధురి వాడుచుండిన జర్మనీ దేశపు మిక్సరు మోటారు కాలిపోయినది. దానిని బాగుచేయించుటకు ఈ దేశమున వసతి లేకపోయినది. పాలు, పండ్లు, మెత్తని కూరలు కలుపుటకై నిర్మింపబడిన ఆ యంత్రము మన పసుపుకొమ్ములకును, ఎండుమిరపకాయలకును, నానబెట్టిన పప్పులకును తాళలేకపోవుటలో ఆశ్చర్యము లేదు. మన వంటకు తగిన మోటారును తానే నిర్మింపబూని మాథుర్ 1963లో సంస్థను స్థాపించెను. సుమీత్ పేరుతో వెలువడిన ఆ యంత్రము దేశమంతట ప్రసిద్ధి కెక్కినది. అంతకు పూర్వమే, 1955లో, కోయంబత్తూరులో పి. సభాపతి విద్యుత్తుతో తిరుగు రాతి గ్రైండరును రూపొందించెను. ఇడ్లీపిండి, దోసెపిండి రుబ్బు దక్షిణదేశపు ఇల్లాండ్ర భుజములకు ఆ రాయి విశ్రాంతి నిచ్చినది.

ఈ చరిత్రలో ఒక పాఠమున్నది. యంత్రము చెడుటకు కారణము వాడినవారి పొరపాటని ఆ జర్మనీ సంస్థ అనియుండవచ్చును. వాడిన యిల్లాలు మాత్రము తన వంట తాను చేసికొన్నది. ఆ వంటకు తగిన యంత్రము అది కాదు. తప్పు వాడుకలో నున్నదా, నిర్మాణములో నున్నదా అను ప్రశ్న ఆనాడే పుట్టినది. ఆరు దశాబ్దములు గడచినను ఆ ప్రశ్నయే నేటికిని ప్రతి సర్వీసు సెంటరు బల్లమీదను పడియున్నది.

కాలిన తీగకు రెండు కథలు

మిక్సీ గర్భమున నుండునది చిన్న మోటారు. అది నిమిషమునకు వేల చుట్లు తిరుగును. తిరుగు భాగమునకు విద్యుత్తు నందించుటకు రెండు కార్బను బ్రష్షులు దానికి ఆనుకొని యుండును. అవి పెన్సిలు ముక్కవలె అరిగిపోవు స్వభావము గలవి. జారుకును మోటారుకును నడుమ రబ్బరో ప్లాస్టిక్కో అయిన కప్లరు ఉండును. జారు అడుగున బుష్షు ఉండును. బరువు మించినపుడు విద్యుత్తును నిలిపివేయుటకు ఓవర్లోడు స్విచ్చి ఉండును. అయిదు నిమిషములు నడిపి రెండు నిమిషములు ఆపవలెనని యంత్రము అడుగుననో పుస్తకములోనో సాధారణముగా వ్రాసియుందురు. ఆ మోటారు నిరంతరము తిరుగుటకు నిర్మింపబడినది కాదు.

ఇపుడు మోటారు తీగ కాలిపోయినదనుకొందము. పొగ వచ్చినది, వాసన వచ్చినది, యంత్రము ఆగినది. కాలిన ఆ తీగను చూచి రెండు కథలు చెప్పవచ్చును. మొదటి కథ ఇది: తీగకు పూసిన పూత పలుచనిది, చుట్టిన పనితనము నాసిది, బరువు మించినపుడు ఆపవలసిన స్విచ్చి ఆపలేదు, కావున ఇది తయారీదోషము. రెండవ కథ ఇది: గృహిణి జారు నిండ నింపినది, నీరు చాల పోయలేదు, విరామ మీయక నడిపినది, కావున ఇది వాడుకదోషము. మొదటి కథ నిజమైనచో సంస్థ క్రొత్త మోటారు నీయవలెను. రెండవది నిజమైనచో గృహిణి డబ్బు చెల్లింపవలెను. కాలిన తీగ మాత్రము తనంత తాను ఏమియు చెప్పదు.

చెప్పువాడు సర్వీసు సెంటరు పనివాడు. అతనికి జీతమో, కమీషనో ఇచ్చునది సంస్థ. ఎన్ని మోటారులు ఉచితముగా మార్చెనో లెక్క అడుగునది సంస్థ. అతడు దుష్టుడు కానక్కరలేదు. ఎంత నిజాయితీపరుడైనను, ఒక పక్షమువారి ఉప్పు తినుచు ఇరుపక్షముల నడుమ తీర్పు చెప్పవలసిన స్థితిలో నున్నాడు. అతడు చీటిపై వ్రాసిన "ఓవర్లోడు" అను ఒక్క మాటతో పూచీ ముగిసిపోవును. ఆ మాటకు ఆధారమేమని అడుగు హక్కు తనకు గలదని గృహిణికి తెలియదు. అడిగినను, ఎదుటివాని దగ్గర కొలిచి చూపు పరికరము లేదు. కనుక వారంటీ తిరస్కారముల మూలము దుర్బుద్ధికంటె ఎక్కువగా ఈ ఏర్పాటులోనే యున్నది. కక్షిదారే న్యాయాధిపతి అయినచోట తీర్పు ఎట్లుండునో ఊహింపవచ్చును.

ఇచ్చినది పెద్ద అక్షరములలో, తీసికొన్నది చిన్న అక్షరములలో

పెట్టెమీద "మోటారుకు 5 సంవత్సరముల వారంటీ" అని పెద్ద అక్షరములలో నుండును. కార్డులో చదివినచో, యంత్రము మొత్తమునకు రెండేండ్లో, ఒక యేడో మాత్రమే యని తెలియును. అయిదేండ్లు మోటారుకే. ఆ మోటారును విప్పి బిగించు కూలి, పనివాడు ఇంటికి వచ్చు ఖర్చు, వానిపై పన్ను కొనినవారివే. ఫ్రిజ్జి విషయమున కంప్రెసరుకు పదేండ్ల పూచీ యని ప్రకటింతురు. కంప్రెసరు మార్చినపుడు మరల నింపవలసిన గ్యాసు ఆ పూచీలో చేరినదా లేదా అని ముందుగా అడుగువారు అరుదు. ఇండక్షను పొయ్యికి పైన నుండు గాజుపలకయే ప్రాణము. కార్డులో గాజు, ప్లాస్టిక్కు, రబ్బరు భాగములు సాధారణముగా మినహాయింపులు. కుక్కరులో మొదట చెడునవి రబ్బరు గ్యాస్కెట్టు, సేఫ్టీ వాల్వు. తరచుగా పూచీ వర్తింపనివియు అవియే. త్వరగా చెడునది పూచీకి వెలుపల, ఎన్నడో గాని చెడనిది పూచీకి లోపల నుండుట అనేక కార్డులలో కనబడు లక్షణము.

మరికొన్ని మినహాయింపులు ఈ దేశమున నివసించుటనే అపరాధముగా ఎంచినట్లుండును. బొద్దింకలు, బల్లులు, ఎలుకలు దూరినచో పూచీ లేదు. వంటయింటిలో బొద్దింక యుండదని తలచి యంత్రము నిర్మించినవాడు ఏ వంటయింటిని చూచినట్లు? తేమ తగిలినచో పూచీ లేదు. మచిలీపట్టణమునను, కాకినాడలోను సముద్రపు గాలి తగులని వంటయిల్లు ఎక్కడనున్నది? వోల్టేజి హెచ్చుతగ్గులవలన చెడినచో పూచీ లేదు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలే గృహములకిచ్చు వోల్టేజి 6 శాతమునకు మించి పెరుగరాదనియు, తగ్గరాదనియు చెప్పినవి. నిబంధన గ్రంథమున నున్నది, మిణుకుమిణుకుమను దీపము పల్లెయింట నున్నది. యంత్రము చేసినవాడు విద్యుత్తు శాఖను చూపును. విద్యుత్తు శాఖ గాలివానను చూపును. నడుమ నష్టపోవునది కొనినవాడు.

ఇక పత్రముల సంగతి. కొన్ననాటి రసీదు చూపనిదే పూచీ లేదు. ఆ రసీదు నేడు వేడిచే అచ్చుపడు నునుపుకాగితముమీద వచ్చుచున్నది. బీరువాలో దాచినను ఏడాది తిరుగునప్పటికి అక్షరములు వెలిసిపోవును. రెండేండ్ల పూచీకి ఏడాది నిలువని రసీదు! దుకాణదారుడు కార్డుమీద ముద్ర వేయలేదనియు, యంత్రము సంఖ్య చెరిగినదనియు, వీధిచివర పనివాడు మూత విప్పెననియు చెప్పి తిరస్కరించుట మరియొక విధము. పాడేరు వంటి చోట నున్నవారికి సంస్థవారి సర్వీసు సెంటరు విశాఖపట్టణమున నుండవచ్చును. అది సుమారు నూరు కిలోమీటర్ల దూరము. కొలది రూపాయల కార్బను బ్రష్షుకై ఒకదినపు కూలి మాని అంతదూరము పోవుటకంటె ఊరిలోని పనివానికి చూపుట సహజము. ఆ సహజమైన పనియే పూచీని రద్దుచేయుచున్నది.

దుకాణమునకు పోయి అడిగినచో, "మా చేతిలో నేమున్నది, కంపెనీవారిని అడుగుడు" అని సమాధానము. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకొన్నట్లు, కొనినవాని కష్టము వినుటకు ముందే దుకాణదారుడు తన కష్టము చెప్పుకొనును. అతనికిని సంస్థవారు పాత సరకు తిరిగి తీసికొనరు. కంపెనీ ఫోనుకు విన్నవించినచో ఒక సంఖ్య నిత్తురు. ఆ సంఖ్య తిరిగి సర్వీసు సెంటరునకే చేరును. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత ఇక్కడ అక్షరసత్యము. ప్రకటనలో సంస్థ ఇచ్చిన వరము సర్వీసు సెంటరు గుమ్మమున ఆగిపోవుచున్నది.

చట్ట మేమనుచున్నది?

కార్డులో వ్రాసినదే చట్టమని పలువురి భ్రమ. అది సరికాదు. 1930 నాటి సరకుల విక్రయచట్టమే ఒక మెట్టు ముందున్నది. కొనువాడు తన అవసరమును తెలిపి అమ్మువాని నేర్పుపై ఆధారపడినపుడు వస్తువు ఆ అవసరమునకు తగియుండవలెననియు, బజారున అమ్మదగిన నాణ్యము కలిగియుండవలెననియు ఆ చట్టములోని 16వ విభాగము చెప్పుచున్నది. ఇవి వ్రాయకపోయినను ఒప్పందములో నున్నట్లే భావింపదగిన షరతులు. ఆ చట్టముయొక్క పరిభాషలో షరతు పెద్దది, వారంటీ చిన్నది. షరతు భంగమైనచో వస్తువును తిరస్కరింపవచ్చును. వారంటీ భంగమైనచో నష్టపరిహారము మాత్రమే కోరవచ్చును. వ్యాపారులు చిన్నదానిని ఘనముగా ప్రకటించి, పెద్దదానిని ప్రజలు మరచునట్లు చేయగలిగిరి. ఆ షరతులను స్పష్టమైన ఒప్పందముతో తొలగించుకొను వీలును ఆ చట్టమే కల్పించుటచే వారి పని మరింత సులువైనది.

ఈ లోపమును సవరించుటకే 1986లో వినియోగదారుల రక్షణచట్టము వచ్చినది. ఆ యేటి డిసెంబరు 24న దానికి రాష్ట్రపతి ఆమోదము లభించినది. ఆ దినమునే నేటికిని జాతీయ వినియోగదారుల దినముగా జరుపుచున్నారు. దాని స్థానమున వచ్చిన 2019 చట్టము 2020 జూలైలో అమలునకు వచ్చినది. దాని ప్రకారము లోపముగల సరకును తిరిగి తీసికొని పైకము వాపసు చేయుటకు నిరాకరించుట అక్రమ వ్యాపారపద్ధతి. రసీదులో గడువు చెప్పియున్నచో ఆ గడువులోగా, చెప్పనిచో 30 దినములలోగా ఆ పని జరుగవలెను. రసీదు ఈయకపోవుటయు అక్రమమే. "అమ్మిన సరకు వాపసు తీసికొనబడదు" అని గోడకు బోర్డు తగిలించినంత మాత్రమున ఈ బాధ్యత తొలగదు.

ఫిర్యాదు చేయుట ఇపుడు సులభతరమైనది. కొన్నచోటనే గాక నివసించుచోటను, పనిచేయుచోటను జిల్లా కమిషనును ఆశ్రయింపవచ్చును. హైదరాబాదులో ఫ్రిజ్జి కొనిన నల్లగొండవాసి నల్లగొండలోనే ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయలవరకు వెలగల వస్తువులకు రుసుము లేదు. వకీలు అక్కరలేదు. 2025 జనవరిలో ప్రారంభమైన ఇ-జాగృతి ద్వారా ఇంటినుండియే దాఖలు చేయవచ్చును. వివాదము పుట్టిన రెండేండ్లలోగా కదలవలెను. కమిషను దోషమును తొలగింపుమనియు, వస్తువును మార్పుమనియు, పైకము తిరిగి ఇమ్మనియు, పరిహారము చెల్లింపుమనియు ఆజ్ఞాపింపగలదు. ఆజ్ఞను ధిక్కరించినవారికి కారాగారశిక్షయు, జరిమానాయు గలవు.

ఇంత చట్టముండగా కష్టమెక్కడ? రెండు ముడులున్నవి. మొదటిది, కార్డులోని అన్యాయపు షరతులను గూర్చినది. ఒప్పందములోని ఏకపక్షపు షరతులను అన్యాయములని ప్రకటించు అధికారమును 2019 చట్టము రాష్ట్ర కమిషనుకును, జాతీయ కమిషనుకును ఇచ్చినది, జిల్లా కమిషనుకు ఈయలేదు. నాలుగు వేల రూపాయల మిక్సీకై రాజధానికి పోవువారెవరు? రెండవది, రుజువును గూర్చినది. పైకి చూచి తెలియని దోషమైనచో వస్తువును ప్రయోగశాలకు పంపవలెను. ఆ పరీక్షకగు రుసుమును ముందుగా చెల్లింపుమని ఫిర్యాదుదారునే కమిషను కోరవచ్చును. కాలిన తీగ చెప్పని కథను చెప్పించు ఖర్చుకూడ, కొంతకాలమైనను, నష్టపోయినవారే భరింపవలసి వచ్చుచున్నది.

చిన్న మొత్తపు పెద్ద లాభము

వారంటీ తిరస్కారములు సాగుటకు ముఖ్యకారణము చట్టములో గాక, అంకగణితములో నున్నది. మిక్సీ వెల కొలది వేల రూపాయలు. మోటారు మార్చుటకు వెయ్యియో, పదునైదు వందలో అగుననుకొందము. ఆ మొత్తమునకై గృహిణి కాగితములు కూర్చుకొని, నోటీసు పంపి, వాయిదాలకు తిరుగవలెను. పరీక్ష అక్కరలేని ఫిర్యాదును మూడు నెలలలోను, పరీక్ష అవసరమైనదానిని అయిదు నెలలలోను పరిష్కరింప యత్నింపవలెనని చట్టము చెప్పుచున్నది. వాయిదాలు మాత్రము ఆ లెక్కను పాటించుట లేదు. కమిషనులలో అధ్యక్ష సభ్యస్థానములు ఖాళీగా నుంచబడుటను చూచి 2021లో సుప్రీంకోర్టు తనంత తానుగా ఆ విషయమును విచారణకు స్వీకరింపవలసి వచ్చినది.

కనుక నూరుగురిని త్రిప్పిపంపినచో ఒక్కరో, ఇద్దరో పోరాడుదురు. తక్కినవారు క్రొత్తది కొందురు, తరచుగా మార్పిడి పథకముక్రింద. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి యన్నట్లు, నిన్న వేలు పోసి కొనిన యంత్రమునకు నేడు మార్పిడిలో కట్టు వెల పాత ఇనుము వెలయే. తిరస్కరించిన సంస్థకు ఆ విధముగ మరియొక అమ్మకము దొరకును. న్యాయము చేయుటకంటె చేయకపోవుట లాభకరమైన వ్యాపారమున న్యాయము దానంతట అది పుట్టదు.

1915 సంఖ్యకు ఫోనుచేసి జాతీయ సహాయకేంద్రమునకు తెలుపుట ఈ స్థితిలో కొంత మేలు. అచట తెలుగులోనే మాటలాడవచ్చును. ఆ కేంద్రము ఫిర్యాదును సంస్థకు పంపి సమాధానము కోరును. సర్వీసు సెంటరులో కదలని కాగితము అచటినుండి వచ్చినపుడు కదలుట కలదు. కాని అది ఆజ్ఞాపించు న్యాయస్థానము కాదు. సంస్థ మొండికెత్తినచో మరల కమిషనే గతి.

పిండి అమ్ముకొని బ్రతుకువారు

ఈ వ్యవహారమున మిక్కిలి నష్టపడుచున్న ఒక వర్గమున్నది. నేడు తెలుగుదేశపు పట్టణములలో వీధివీధిని ఇడ్లీపిండి, దోసెపిండి రుబ్బి అమ్ము స్త్రీలున్నారు. ఇంటి ముంగిట పూటకు నాలుగు కూరలు వండి అమ్మువారున్నారు. భర్త సంపాదన చాలకయో, అసలు లేకయో, పొదుపు సంఘమున అప్పు తీసి గ్రైండరు కొని బ్రతుకువారే వీరిలో ఎక్కువ. వీరి గ్రైండరు ఆగినచో ఒక పూట వంట ఆగుటతో పోదు, ఆనాటి రాబడియే ఆగును. నానబోసిన బియ్యము, మినుగులు పులిసిపోవును. అప్పు కిస్తీ మాత్రము ఆగదు.

వీరు పూచీ కోరి పోయినచో, "ఇది గృహవినియోగమునకు మాత్రమే, మీరు వ్యాపారమునకు వాడితిరి" అను సమాధానము సిద్ధముగా నుండును. కార్డులో అట్లు వ్రాసియున్న మాటయు నిజమే. గృహమునకై చేసిన మోటారును దినమంతయు నడిపినచో అది త్వరగా చెడుననుటయు నిజమే. కాని అమ్మునపుడు ఈ మాట చెప్పిన దుకాణదారు లెందరు? పిండి అమ్ముకొందునని చెప్పిన స్త్రీకి, "ఇది నీ పనికి చాలదు, వాణిజ్యపు రకమును కొనుము" అని చెప్పుట అతని ధర్మము. 1930 చట్టము తగియుండుటను గూర్చి చెప్పిన షరతు సరిగా ఇట్టి సందర్భమునకే ఉద్దేశింపబడినది.

వినియోగదారుల చట్టమును వీరిని విడువలేదు. వాణిజ్య ప్రయోజనమునకై కొనినవారు వినియోగదారులు కారని చెప్పుచునే, స్వయంఉపాధితో జీవనోపాధి సంపాదించుకొనుటకు మాత్రమే కొని స్వయముగా వాడుకొనువారిని ఆ మినహాయింపునుండి తప్పించినది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ భేదమును వివరించినది. తన చేతులతో యంత్రమును నడుపుకొని పొట్ట పోసికొనువాడు వినియోగదారుడే. చట్టము ఒకమాట, కార్డు ఒకమాట చెప్పుచున్నవి. పిండి అమ్ము స్త్రీ చేతికి అందినది కార్డు మాత్రమే.

ధనమునకే గాక ప్రాణమునకును

యంత్రము ఆగినచో ధననష్టము. పేలినచో ప్రాణనష్టము. నాసి కుక్కరులవలన కలుగు అపాయమును తలచి కేంద్రప్రభుత్వము ప్రెషరు కుక్కరులకు ఐ.ఎస్.ఐ. ముద్రను నిర్బంధముచేసినది. ఆ ఉత్తరువు 2021 ఫిబ్రవరి 1నుండి అమలులోనికి వచ్చినది. అయినను ముద్రలేని కుక్కరులు అంతర్జాల విపణులలో అమ్ముడుపోయినవి. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ రెండు పెద్ద అంతర్జాల విక్రయసంస్థలపై చెరి లక్ష రూపాయల జరిమానా విధించినది. అందొకదాని ద్వారా అమ్ముడైనవి 2,265 కుక్కరులు, రెండవదాని ద్వారా 598. కొనినవారికి తెలిపి, కుక్కరులను వెనుకకు తీసికొని, వెల తిరిగి ఈయవలెనని ఆజ్ఞాపించినది. ఆ సంస్థలు న్యాయస్థానమునకు పోయినవి.

2019 చట్టములో ఉత్పత్తి బాధ్యతను గూర్చి ప్రత్యేకాధ్యాయమున్నది. లోపముగల వస్తువువలన ఒడలికి గాయమైనను, ఇతర ఆస్తికి నష్టమైనను తయారీదారుడు బాధ్యుడు. తాను అజాగ్రత్తగా నుండలేదని చూపినంత మాత్రమున తప్పించుకొనలేడు. కాని చెడిన వస్తువునకు కలిగిన నష్టమునే ఆ అధ్యాయము హానిగా ఎంచలేదు. కుక్కరు పేలి చేయి కాలినచో ఆ అధ్యాయము పనికివచ్చును. మిక్సీ ఊరక ఆగిపోయినచో మరల పాత త్రోవయే.

చేయదగిన దేమి?

ఇతరదేశములు ఈ ముడిని ఎట్లు విప్పుచున్నవో గమనింపదగియున్నది. ఐరోపా సమాఖ్యలో అమ్మినవాడు కనీసము రెండేండ్లు బాధ్యుడు. వస్తువు చేతికందిన ఒక సంవత్సరములోపల దోషము బయటపడినచో, అది మొదటినుండియు ఉన్నట్లే చట్టము భావించును. కాదని రుజువు చేయవలసిన భారము అమ్మినవానిది. ఈ ఒక్క నియమముతో కాలిన తీగ కథను చెప్పు బాధ్యత గృహిణి భుజమునుండి సంస్థ భుజమునకు మారిపోవును. ఫ్రాన్సులో 2021నుండి కొన్ని ఉపకరణములపై, ఎంత సులభముగా బాగుచేయవచ్చునో తెలుపు అంకెను ముద్రించుచున్నారు. ఇతరుడు ముందు బాగుచేసెనను ఒక్క కారణమున మరమ్మతును తయారీదారుడు నిరాకరింపరాదని, ఫ్రిజ్జి మున్నగు కొన్ని వస్తువుల విషయమున, ఐరోపా సమాఖ్య 2024లో శాసించినది.

మనదేశమునను కదలిక లేకపోలేదు. 2022లో కేంద్రము బాగుచేయించుకొను హక్కును పరిశీలించుటకు ఒక సంఘమును నియమించి, ఆ యేటి డిసెంబరు 24న అందుకై ఒక అంతర్జాలకేంద్రమును తెరచినది. గృహోపకరణములును అందు చేరినవి. కొన్న దినమునుండి గాక యంత్రమును బిగించిన దినమునుండి పూచీని లెక్కింపవలెనని 2023లో పెద్ద ఉపకరణముల తయారీదారులను కోరినది. ఇవి మంచి మాటలు. కాని కోరుట వేరు, శాసించుట వేరు.

మూడు పనులు శాసనముతో కావలసియున్నవి. మొదటిది, రుజువు భారము మార్పు. పూచీకాలములో చెడిన యంత్రము దోషముగలదని భావించి, వాడుకదోషమని చెప్పదలచినవాడు వ్రాతమూలముగ, కారణసహితముగ, కొలతలతో చూపవలెను. రెండవది, మినహాయింపుల పట్టికను పెట్టెమీదనే, పూచీని ప్రకటించిన అక్షరముల పరిమాణములోనే, తెలుగువారికి తెలుగులోనే అచ్చువేయవలెను. "5 సంవత్సరములు" అని పెద్దదిగా వ్రాయగలిగినవాడు "కూలి మీదే" అనియు పెద్దదిగా వ్రాయగలడు. మూడవది, సర్వీసు సెంటరులేని చోట స్థానికుడైన పనివాడు బాగుచేసినంత మాత్రమున పూచీ రద్దు కారాదు. ఆతడు చేసిన పనివలననే నష్టము కలిగినదని చూపగలిగిననే రద్దు కావలెను. విడిభాగములు వానికి న్యాయమైన వెలకు దొరకవలెను.

శాసనము వచ్చులోపల కొనినవారు చేసికొనదగిన జాగ్రత్తలును కలవు. వెలిసిపోవు రసీదును కొన్ననాడే ఫోటో తీసి యుంచుకొనవలెను. కార్డుమీద దుకాణపు ముద్రయు, తేదీయు వేయించుకొనవలెను. ఐ.ఎస్.ఐ. ముద్ర చూడవలెను. ఏ పనికై కొనుచున్నారో అమ్మువానికి చెప్పి, వీలైనచో బిల్లుమీద వ్రాయించుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యము, పూచీ లేదని పనివాడు నోటిమాటగా చెప్పినపుడు మారుమాటాడక తిరిగిరారాదు. "ఆ మాట కారణముతో కాగితముమీద వ్రాసి సంతకము చేసి ఇమ్ము" అని అడుగవలెను. వ్రాయవలసి వచ్చినపుడు చాల కారణములు కరగిపోవును. వ్రాసినచో ఆ కాగితమే కమిషను ఎదుట మొదటి సాక్ష్యమగును.

మన బజారులలో "పూచీ నాది" అను మాటకు ఒక కాలమున విలువ యుండెను. ఆ మాట పలికినవాడు మరుసటి వారపు సంతలో అదే చెట్టుక్రింద, అదే ముఖముతో కూర్చుండవలసియుండెను. నేడు అమ్మినవాని ముఖము కొనినవారికి తెలియదు, చేసినవాని ఊరు తెలియదు. ముఖమునకు బదులుగా కార్డు వచ్చినది. సంతలో సిగ్గు చేసిన పనిని నేడు చట్టము చేయవలసియున్నది. అది చేయనంతకాలము, పనిచేయని మిక్సీ అటకమీదను, అటకమీది పాత రోలు మరల వంటయింటి నేలమీదను ఉండును.